తాళం వేసిన తలుపులు తెరిపించిన ఫ్రాన్సెస్ పెర్కిన్స్

రోజూ రాత్రి పడుకోబోయేముందు మన చేతులు చేసే ఆఖరి పని వీధి తలుపు గడియ పెట్టడం. ఇంట్లోవాళ్లంతా క్షేమంగా ఉండాలని పెడతాం ఆ గడియ. తాళంచెవి మన దగ్గరే ఉంటుంది కాబట్టి మనకి భయం లేదు. అదే తాళం ఇంకెవరో బయటినుంచి వేసి, చెవి జేబులో వేసుకుని వెళ్లిపోతే? లోపలున్నవాళ్ల గతేమిటి?

నూరేళ్లు దాటిన సంగతి. న్యూయార్క్ నగరంలో ఓ కుట్టు ఫ్యాక్టరీ యజమానులు సరిగ్గా ఆ పనే చేశారు. సాయంత్రం ఇంటికెళ్లేటప్పుడు ఆడపిల్లలు చేతిసంచుల్లో గుడ్డముక్కలేమైనా పట్టుకుపోతారేమోనని వాళ్ల అనుమానం. అందరూ ఒకే దారిన బయటికి రావాలి, ఒక్కొక్కరి సంచీ తెరిచి చూసి పంపాలి. అందుకని రెండో తలుపుకి తాళం పడింది. 1911 మార్చి 25, శనివారం సాయంత్రం ఆ తాళం ఖరీదెంతో లోకానికి తెలిసింది. 146 ప్రాణాలు!

ఆ మంటల్ని వీధిలో నిలబడి కళ్లారా చూసిన ఓ ముప్ఫైయేళ్ల యువతి అక్కడితో కన్నీళ్లు తుడుచుకుని ఇంటికి వెళ్లిపోలేదు. మిగిలిన జీవితమంతా పనిచేసేవాళ్ల ప్రాణాలకి కాపలా కాసింది. ఇరవై రెండేళ్ల తర్వాత అమెరికా దేశానికే కార్మిక మంత్రి అయింది. అక్కడ కేబినెట్‌లో కూర్చున్న మొట్టమొదటి మహిళ ఆవిడే. పేరు ఫ్రాన్సెస్ పెర్కిన్స్.

జేన్ ఆడమ్స్ పేరు విన్నంతగా, ఎలినార్ రూజ్వెల్ట్ పేరు విన్నంతగా మనవైపు ఈవిడ పేరు వినబడదు. ఆవిడ గురించి చదువుతున్నకొద్దీ ఇంతటి మనిషి మన ఆడవాళ్లకి తెలియకపోతే ఎలా అనిపించింది నాకు. అందుకే ఈ నాలుగు మాటలు.

చదువుకున్న పిల్ల చూసిన లోకం

1880 ఏప్రిల్ 10న బోస్టన్‌లో పుట్టింది. అమ్మానాన్నా పెట్టిన పేరు ఫానీ కొరలీ. తాతల ఊరు మెయిన్ రాష్ట్రంలోని న్యూకాజిల్. నది ఒడ్డున ఒకప్పుడు వాళ్లకి ఇటుక బట్టీలుండేవి. తర్వాత ఆ వ్యాపారం చితికిపోయింది. తండ్రి వూస్టర్ పట్నంలో స్టేషనరీ షాపు పెట్టుకున్నాడు. ఉన్నంతలో పరువుగా బతికే మధ్యతరగతి కుటుంబం. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లేవాళ్లు. పేదవాళ్లు పేదవాళ్లుగా ఉండడానికి వాళ్ల సోమరితనమూ, తాగుడే కారణమని గట్టిగా నమ్మేవాళ్లు.

ఆ రోజుల్లో అమెరికాలో కూడా ఆడపిల్లకి కాలేజీ చదువంటే అందరిళ్లలో ఒప్పుకునేవాళ్లు కారు. ఈ తండ్రి మాత్రం మౌంట్ హోలియోక్ అనే మహిళా కళాశాలలో చేర్పించాడు. ఆ అమ్మాయి తీసుకున్నది భౌతికశాస్త్రం! 1902లో పట్టా తీసుకుంది. ఆవిడ దారి మళ్లించింది మాత్రం ఫిజిక్స్ కాదు, ఆఖరి సంవత్సరంలో చదివిన ఆర్థిక చరిత్ర క్లాసు. ఆ టీచరమ్మ పుస్తకాలు పక్కన పెట్టి, దగ్గర్లో ఉన్న మిల్లులకి వెళ్లి అక్కడ జనం ఎలా పనిచేస్తున్నారో చూసి రాసుకు రమ్మంది విద్యార్థినుల్ని. వెళ్లి చూస్తే చంటిపిల్లల తల్లులూ, చిన్నపిల్లలూ పొద్దున్నుంచి పొద్దుపోయేదాకా యంత్రాల దగ్గర నిలబడి ఉన్నారు. ఏ బెల్టులోనో చెయ్యి పడి నలిగిపోతే ఆ మనిషికి ఆ రోజుతో జీతం ఆగిపోతుంది. ఇల్లంతా వీధిన పడుతుంది. తాగుడు లేదు, సోమరితనం లేదు, అయినా పేదరికం వచ్చిపడింది. ఇంట్లో విన్న మాటలకీ, కళ్లు చూసినదానికీ పొత్తు కుదరలేదు.

చదువైపోయాక కన్నవాళ్లు కోరుకున్నది అందరమ్మానాన్నలు కోరుకున్నదే. కొన్నాళ్లు టీచరుగా చెయ్యడం, ఆనక మంచి సంబంధం చూసి పెళ్లి. టీచరుద్యోగమైతే చేసింది గానీ, షికాగో దగ్గర పనిచేస్తున్న రోజుల్లో సెలవు దొరికితే చాలు జేన్ ఆడమ్స్ నడిపే హల్‌హౌస్‌కి వెళ్లిపోయేది. వలస వచ్చిన పేద కుటుంబాల మధ్య చదువుకున్న ఆడవాళ్లు కాపురముండి సాయంచేసే ఇల్లది. అక్కడే చర్చీ మారింది, పేరూ మార్చుకుని ఫ్రాన్సెస్ అయింది. 1907లో ఫిలడెల్ఫియా వెళ్లింది. ఓడలు దిగి, రైళ్లు దిగి పనికోసం వచ్చే ఒంటరి ఆడపిల్లల్ని దొంగ ఉద్యోగాల ఏజెంట్లు ఎలా మోసం చేస్తున్నారో ఆరా తియ్యడం అక్కడ ఆవిడ పని. ఆ తర్వాత న్యూయార్క్ చేరి, 1910లో కొలంబియా విశ్వవిద్యాలయంలో ఎమ్మే పూర్తిచేసింది.

ఆ ఏడే న్యూయార్క్ కన్స్యూమర్స్ లీగ్‌లో కార్యదర్శిగా చేరింది. ఈ లీగ్ ఆలోచన నాకు భలే నచ్చింది. దుకాణాలకెళ్లి కొనేది ఎక్కువగా ఆడవాళ్లే. కొనే చేతులకి ఓ బలం ఉంది. మనం కొంటున్న వస్తువు ఎవరు, ఎలాంటిచోట కూర్చుని తయారుచేశారో అడిగి తెలుసుకుని కొంటే, అమ్మేవాడు పద్ధతి మార్చుకోక తప్పదు. ఇదీ ఆ లీగ్ సిద్ధాంతం. జాతీయ స్థాయిలో లీగ్‌ని నడిపిస్తున్న ఫ్లారెన్స్ కెల్లీ మహా గట్టి మనిషి. ఫ్రాన్సెస్‌కి ఆవిడే గురువు. గాలీ వెలుతురూ లేని నేలమాళిగల్లో నడిచే రొట్టెల బట్టీల్లో దూరి, అక్కడ మురికినీ, ప్రమాదాల్నీ లెక్కరాసుకొచ్చేది ఫ్రాన్సెస్.

పద్దెనిమిది నిమిషాలు

ఆ శనివారం ఫ్రాన్సెస్ వాషింగ్టన్ స్క్వేర్‌లో స్నేహితురాలింట్లో టీ తాగుతోంది. ఫైరింజన్ల గంటలు, కేకలు. స్కర్టు కుచ్చిళ్లు పైకెత్తి పట్టుకుని పరుగెత్తింది.

పది అంతస్తుల భవనం. పై మూడు అంతస్తుల్లో ట్రయాంగిల్ అనే కంపెనీ. అప్పట్లో ఉద్యోగాలకెళ్లే అమ్మాయిలు ఇష్టపడి వేసుకునే పల్చటి నూలు జాకెట్లు అక్కడ కుట్టేవాళ్లు. సుమారు 500 మంది పనివాళ్లు. ఎక్కువమంది ఇటలీ నుంచీ, తూర్పు యూరప్ నుంచీ వలస వచ్చిన యూదు కుటుంబాల పిల్లలూ. పద్నాలుగేళ్ల వాళ్లు కూడా ఉన్నారు. ఇంకాసేపట్లో పని దిగి, జీతం తీసుకుని ఇళ్లకెళ్లిపోవాలి. ఎనిమిదో అంతస్తులో, గుడ్డ కత్తిరించే బల్ల కింద పీలికలు పోసే పెట్టెలో నిప్పు రాజుకుంది. పల్చటి గుడ్డ, పైన తీగలకి వేలాడదీసిన కాగితపు నమూనాలు... ఇంకేం కావాలి మంటకి!

ఎనిమిదో అంతస్తువాళ్లు చాలామంది బయటపడ్డారు. పదో అంతస్తులో ఆఫీసు ఉంది కాబట్టి ఫోన్లో కబురందింది. యజమానులతో సహా అక్కడివాళ్లు కప్పుమీదికెక్కి పక్క భవనంలోకి దాటేశారు. మధ్యలో ఉన్న తొమ్మిదో అంతస్తుకి ఎవరూ కబురు చెయ్యలేదు. మంటలే వెళ్లి చెప్పాయి. ఓవైపు మెట్లు మంటల్లో మూసుకుపోయాయి. రెండోవైపు తలుపుకి తాళం! భవనం వెనకనున్న ఇనుప మెట్లు ఎక్కినవాళ్ల బరువుకి వంగి విరిగిపోయాయి. లిఫ్టు నడిపే కుర్రాళ్లు ప్రాణాలకి తెగించి పొగలోంచి పైకీ కిందికీ తిప్పినన్నాళ్లు తిప్పారు. ఫైరింజను నిచ్చెన ఆరో అంతస్తు దాకానే అందింది. కిటికీల్లో నిలబడ్డ ఆడపిల్లలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని దూకేశారు. కింద పట్టిన వలలు ఆ వేగానికి చిరిగిపోయాయి. మంటలు అదుపులోకి రావడానికి పట్టింది పద్దెనిమిది నిమిషాలే. పోయిన 146 మందిలో 123 మంది ఆడవాళ్లే.

ఇందులో గుండె కలుక్కుమనే సంగతులు రెండున్నాయి. ఆ భవనం అగ్గికి చెక్కుచెదరని భవనమని పేరు. నిజంగానే చెక్కుచెదరలేదు. నేటికీ ఓ విశ్వవిద్యాలయం కింద అలాగే నిలబడి ఉంది. గోడల్ని కాపాడడానికి చేసిన ఆలోచన మనుషుల్ని కాపాడడానికి చెయ్యలేదన్నమాట. రెండోది, 1909లో న్యూయార్క్ కుట్టుపని ఆడపిల్లలు వేలాదిమంది సమ్మె చేశారు. ఆ సమ్మెలో ట్రయాంగిల్ పిల్లలూ ఉన్నారు. జీతాలూ, గంటలతో పాటు తలుపులకి తాళాలు వెయ్యొద్దనీ, మంటలొస్తే తప్పించుకునే దారి సరిగా ఉండాలనీ కూడా అడిగారు. ఆ మాట ఆ కంపెనీ చెవిన పడలేదు. అంటే ఎవరికీ తెలియని ప్రమాదం కాదు. ముందే తెలిసి, నోరు తెరిచి అడిగి, కాదనిపించుకుని, ఆ తలుపు దగ్గరే ప్రాణాలు వదిలారు.

యజమానులిద్దరి మీదా కేసు నడిచింది. ఆ సమయంలో తాళం పడి ఉన్న సంగతి వాళ్లకి తెలుసునని రుజువు కాలేదంటూ డిసెంబరులో వదిలేశారు.

చెప్పడం కాదు, చూపించడం

జనం ఊరుకోలేదు. ఏప్రిల్ 2న మెట్రొపాలిటన్ ఒపెరా హౌస్‌లో పెద్ద సభ జరిగింది. భద్రత కోసం పౌరుల కమిటీ ఒకటి ఏర్పడింది. దానికి ఎవర్ని పెడితే బావుంటుందని అడిగితే మాజీ అధ్యక్షుడు థియొడర్ రూజ్వెల్ట్ ఫ్రాన్సెస్ పేరు చెప్పాడట. రాష్ట్ర ప్రభుత్వం కూడా ఫ్యాక్టరీల మీద విచారణ కమిషన్ వేసింది. రాబర్ట్ వాగ్నర్ అధ్యక్షుడు, ఆల్ స్మిత్ ఉపాధ్యక్షుడు. ఇద్దరూ ఆరితేరిన రాజకీయ నాయకులే. ఫ్రాన్సెస్ వాళ్లకి దారి చూపించే మనిషైంది.

ఇక్కడే ఆవిడ తెలివంతా కనబడుతుంది. నాయకులకి నివేదికలు రాసిస్తే బల్ల మీద పడి ఉంటాయి. మహా అయితే తలూపి సంతకం పెడతారు. వాళ్లని లేవదీసి ఫ్యాక్టరీలకి తీసుకుపోయింది. తెల్లవారకముందే ఓ తాళ్ల ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబెట్టింది. రాత్రంతా పనిచేసి తూలిపోతూ బయటికొచ్చే ఆడవాళ్లని ఆల్ స్మిత్ చేత చూపించింది. పండ్లూ కూరగాయలూ డబ్బాల్లో నింపే కేనరీలకి పొద్దున్నే తీసుకెళ్తే, అయిదేళ్లూ ఏడేళ్లూ పిల్లలు చిక్కుళ్లు ఒలుస్తూ కనిపించారు. ఓ ఫ్యాక్టరీలో మంటలొస్తే తప్పించుకునే దారి అని గోడకి చిన్న కంత ఉంది. వాగ్నర్‌ని ఆ కంతలోంచి పాకించింది! అవతల మంచు పేరుకుపోయిన ఇనుప నిచ్చెన. అది నేలకి పన్నెండడుగుల పైనే ఆగిపోయింది. సూటూ బూటూ వేసుకున్న పెద్దమనిషి ఆ నిచ్చెన మీద నిలబడి కిందికి చూశాక ఇక ఎవరూ ఆయనకి చట్టం ఎందుకో చెప్పక్కర్లేకపోయింది.

ఆ నాలుగేళ్లలో న్యూయార్క్‌లో 36 చట్టాలొచ్చాయి. పని జరుగుతున్నంతసేపూ తలుపులకి తాళాలు వెయ్యకూడదు. తలుపులు బయటివైపుకి తెరుచుకోవాలి. ఇది చిన్న సంగతిలా ఉంటుంది. కానీ ఒకేసారి వందమంది తోసుకొస్తే లోపలికి తెరుచుకునే తలుపు వాళ్ల బరువుకే మూసుకుపోతుంది కదా! ఎత్తయిన భవనాల్లో ఎక్కువమంది పనిచేసేచోట కప్పునుంచి వాటంతటవే నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లుండాలి. ఫైర్ డ్రిల్స్ చేయించాలి. పీలికలూ చెత్తా పోగుపడనివ్వకూడదు, సిగరెట్లు తాగకూడదు. ఒక్కో అంతస్తులో ఎంతమంది ఉండచ్చో దిగే దారిని బట్టి లెక్కకట్టాలి. తర్వాత మిగతా రాష్ట్రాలు వీటిని చూసి నేర్చుకున్నాయి.

ఒప్పుకోవాల్సిన బేరం

ఇంతలో ఇంకో పోరాటం. ఆడవాళ్ల చేత వారానికి 54 గంటలకి మించి పని చేయించకూడదని బిల్లు. ఏళ్లతరబడి నానుతున్న బిల్లది. 1912లో శాసనసభ ఆఖరి రోజుల్లో ఓ మెలిక పెట్టారు. కేనరీల ఆడవాళ్లని వదిలేస్తే బిల్లు గట్టెక్కుతుంది, లేకపోతే లేదు. లీగ్ తరఫున కెల్లీ గారి ఆజ్ఞ మాత్రం ఒక్క అక్షరం మార్చడానికి వీల్లేదని. ఫోను చేసి అడిగే వ్యవధి లేదు.

ఫ్రాన్సెస్ ఏం చేసిందంటే, సరేనంది. కొందరికైనా ఇప్పుడు దక్కనివ్వండి, మిగతావాళ్ల సంగతి మళ్లీ చూద్దామనుకుంది. తీరా ఓట్ల దగ్గర రెండు తక్కువ పడ్డాయి. బిగ్ టిమ్ సలివన్ అనే నాయకుడు, ఆయన చుట్టం అప్పటికే పడవెక్కడానికి వెళ్లిపోయారు. కబురు పెట్టి వాళ్లని వెనక్కి పిలిపించింది. ఆ ఇద్దరూ కొండ మీదికి రొప్పుతూ పరుగెత్తుకొచ్చి ఓటు వేశారు. బిల్లు గెలిచింది. కెల్లీ గారు మండిపడతారని భయపడుతూ వెళ్తే, ఆవిడ సంతోషించారు. కేనరీల పనిగంటల సంగతి ఆ తర్వాత మరో చట్టంలో వచ్చింది.

ఆదర్శం గట్టిగా పట్టుకుని కూర్చోవడం గొప్పా, ఉన్నంతలో సగం సాధించుకు రావడం గొప్పా? ఇది మన ఇళ్లలో రోజూ ఎదురయ్యే ప్రశ్నే. ఆ రోజు కేనరీ ఆడవాళ్ల వైపు నుంచి చూస్తే ఫ్రాన్సెస్ చేసింది అన్యాయంలాగే ఉంటుంది. కుట్టుపని ఆడవాళ్ల వైపు నుంచి చూస్తే మేలు. ఆ బరువు తన నెత్తినేసుకుని తేల్చింది ఆవిడ.

మగవాళ్ల లోకంలో పనిచేస్తూ ఆవిడ ఓ కిటుకు కనిపెట్టింది. పడుచుపిల్లలా ముస్తాబై వెళ్తే నాయకులు మాట వినరు. తమ తల్లిని గుర్తుచేసే మనిషి చెబితే వింటారు. అంతే, నల్ల గౌను, మూడంచుల టోపీ, మెళ్లో ముత్యాల దండ. ముప్ఫైల్లోనే పెద్దావిడ వేషం కట్టేసింది. మగవాళ్ల తీరుతెన్నుల మీద తను గమనించినవన్నీ రాసి ఓ ఎర్ర కవర్లో దాచుకునేదట!

ఇంటి గుట్టు

1913లో పాల్ విల్సన్‌ని పెళ్లి చేసుకుంది. అందగాడు, ఆర్థికశాస్త్రం చదువుకున్నవాడు, న్యూయార్క్ మేయర్ దగ్గర పనిచేసేవాడు. పెళ్లయ్యాక కూడా పుట్టింటి పేరే ఉంచుకుంది. ఆ రోజుల్లో అదో వింత. మొదటి బిడ్డ దక్కలేదు. 1916 చివర్లో కూతురు సుసానా పుట్టింది. ఇక ఉద్యోగం పెద్దగా చెయ్యక్కర్లేదని ఇంట్లో కుదురుకుంటున్నప్పుడు, 1918లో భర్తకి మానసిక వ్యాధి బయటపడింది. ఓసారి పట్టరాని ఉత్సాహం, ఓసారి అంతులేని దిగులు. ఉన్న డబ్బు పోయింది. మిగిలిన జీవితమంతా ఆస్పత్రులకీ ఇంటికీ తిరగడమే ఆయన పనైంది.

కథలు రాసుకునే నాకు ఈ ఘట్టం దగ్గర చాలాసేపు చదువు ముందుకి సాగలేదు. లోకం ఆవిణ్ణి ఆశయాల కోసం ఉద్యోగం చేసే మనిషనుకుంది. ఆశయం నిజమే. కానీ భర్త వైద్యానికీ, కూతురు చదువుకీ జీతం తెచ్చేది తానొక్కతే. ఆ మాట బయట ఎక్కడా పొక్కనివ్వలేదు. పత్రికలవాళ్లు ఇంటి సంగతి అడిగితే ముఖం గంటు పెట్టుకునేది. అందుకే గర్విష్ఠి అన్నారు. పని ఆగిపోతే ఇల్లు ఏమైపోతుందో ఆవిడకి పుస్తకంలో చదివి తెలియక్కర్లేదు.

1919లో గవర్నరైన ఆల్ స్మిత్ ఆవిణ్ణి రాష్ట్ర పారిశ్రామిక కమిషన్‌లోకి తీసుకున్నాడు. 1929లో కొత్త గవర్నర్ ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ మొత్తం కార్మిక శాఖకి అధిపతిని చేశాడు. 1933లో అధ్యక్షుడై, కార్మిక మంత్రిగా రమ్మన్నాడు. ఆవిడ వెంటనే ఎగిరి గంతెయ్యలేదు. ముందు చిన్న జాబితా చేతిలో పట్టుకుని వెళ్లింది. వారానికి 40 గంటల పని, కనీస వేతనం, పని పోయినవాళ్లకి భృతి, ముసలితనంలో పెన్షన్, పనిలో దెబ్బ తగిలినవాళ్లకి పరిహారం, పిల్లల చేత పని మాన్పించడం, ఆరోగ్య బీమా... ఇవన్నీ చెయ్యనిస్తానంటేనే వస్తానంది. ఆయన ఒప్పుకున్నాడు.

పన్నెండేళ్ల మంత్రి

1933 మార్చి నుంచి 1945 జూన్ దాకా, పన్నెండేళ్లు మంత్రిగా పనిచేసింది. అంతకాలం ఆ పదవిలో ఉన్నవాళ్లు ఇంతవరకూ ఇంకొకరు లేరు. ఆ జాబితాలో ఆరోగ్య బీమా ఒక్కటే మిగిలిపోయింది.

1934లో తన శాఖలో కార్మిక ప్రమాణాల విభాగం పెట్టింది. కార్మికుల భద్రతా, ఆరోగ్యం గురించి రాష్ట్రాలకి సలహాలివ్వడం, ఇన్‌స్పెక్టర్లకి పని నేర్పడం దాని పని. సీసం విషం, దుమ్ము రోగాల మీద అమెరికాలో అందరికంటే ఎక్కువ తెలిసిన డాక్టరమ్మ ఆలిస్ హామిల్టన్‌ని అందులోకి సలహాదారుగా పిలిచింది. ఆ రోజుల్లో వెస్ట్ వర్జీనియాలో ఓ కొండ సొరంగం తవ్వుతూ వందలాది కూలీలు, ఎక్కువగా నల్లజాతివాళ్లు, రాతి దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు గట్టిపడి చచ్చిపోయారు. 1936లో ఫ్రాన్సెస్ ఆ సిలికోసిస్ జబ్బు మీద జాతీయ సదస్సు పిలిచింది. నీళ్లు చల్లుతూ తవ్వడం, గాలి ఆడేలా చూడడం లాంటి మామూలు జాగ్రత్తలతో ఆపగలిగే చావులవి.

1935 ఆగస్టు 14న సోషల్ సెక్యూరిటీ చట్టం మీద అధ్యక్షుడు సంతకం పెట్టాడు. ముసలివాళ్లకి పెన్షన్, పని పోయినవాళ్లకి భృతి ఆ చట్టంతోనే వచ్చాయి. ఆ ఫొటోలో అందరు మగవాళ్ల మధ్యా రూజ్వెల్ట్ వెనక నిలబడి ఉన్న ఒకే ఒక ఆడమనిషి ఫ్రాన్సెస్. ఆ రోజే న్యూయార్క్‌లో భర్త కనబడకుండా పోయాడని కబురొచ్చింది. సంతకాలవగానే రైలెక్కి ఆయన్ని వెతకడానికి వెళ్లిపోయింది. జీవితంలోకెల్లా పెద్ద పండుగ రోజు ఆవిడకి అలా గడిచింది.

1938లో కనీస వేతనాల చట్టం వచ్చింది. గంటకి పాతిక సెంట్లు, గంటలు మించితే ఓవర్‌టైమ్ జీతం. ప్రమాదకరమైన పనుల్లో పద్దెనిమిదేళ్లలోపు పిల్లల్ని పెట్టకూడదు.

పొగడ్తలకంటే తిట్లే ఎక్కువ పడ్డాయి. 1934లో పడమటి తీరంలో ఓడరేవు కూలీలు సమ్మె చేశారు. రోజూ పొద్దున్నే గుంపుగా నిలబడితే మేస్త్రీ తనకి నచ్చినవాళ్లని వేలెత్తి చూపించి పనిలోకి తీసుకునే పద్ధతి పోవాలన్నది వాళ్ల కోరిక. సమ్మె నాయకుడు హారీ బ్రిడ్జెస్ ఆస్ట్రేలియా నుంచి వచ్చినవాడు. అతన్ని దేశం నుంచి వెళ్లగొట్టమని పెద్దపెద్దవాళ్లు పట్టుబట్టారు. సరైన సాక్ష్యం లేకుండా కుదరదంది ఫ్రాన్సెస్. దాంతో 1939లో ఆవిణ్ణే పదవినుంచి తొలగించాలని కాంగ్రెస్‌లో అభిశంసన తీర్మానం పెట్టారు. కమిటీ ముందుకెళ్లి ఓపిగ్గా జవాబు చెప్పుకుంది. తీర్మానం వీగిపోయింది. ఆ ఓడరేవుల సంఘమే తర్వాత రేవు దాటి గోడౌన్ కూలీల్ని కూడా కలుపుకుంది. బస్తాలూ పెట్టెలూ ఎత్తిదించేవాళ్ల గోడు మొదటిసారి గట్టిగా వినబడింది వాళ్లవల్లే.

పదవి దిగాక కూడా ఖాళీగా కూర్చోలేదు. సివిల్ సర్వీస్ కమిషన్‌లో చేసింది. 1952 ఆఖర్లో భర్త పోయాడు. 1957 నుంచి కార్నెల్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పింది. 1965 మే 14న, ఎనభై అయిదేళ్ల వయసులో కన్నుమూసింది. తాతల ఊరు న్యూకాజిల్‌లోనే సమాధి చేశారు. 1980లో వాషింగ్టన్‌లోని కార్మిక శాఖ భవనానికి ఆవిడ పేరు పెట్టారు. 2024 డిసెంబరులో న్యూకాజిల్‌లోని ఆ పాత ఇంటిని జాతీయ స్మారకంగా ప్రకటించారు.

తలుపు ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు

పనిచేసేచోట భద్రత కోసం అమెరికా అంతటికీ వర్తించే చట్టం 1970లో వచ్చింది. అది చూడ్డానికి ఆవిడ లేదు. చట్టం ఉన్నా, 1991లో నార్త్ కరొలైనా హామ్లెట్ ఊళ్లో కోడిమాంసం ఫ్యాక్టరీ తగలబడి 25 మంది పోయారు. అక్కడా తలుపులకి తాళాలే! చికెన్ ఎత్తుకుపోతారని అనుమానమట. ఎనభై ఏళ్లు గడిచినా ఆ అనుమానం మారలేదు.

ఇప్పుడు ఫ్యాక్టరీలతో పాటు గోడౌన్లు పెద్దవయ్యాయి. ఫోన్లో నొక్కితే సరుకు గుమ్మంలోకి వస్తోంది. ఆ సరుకంతా ఏదో ఊరి చివర విమానాల షెడ్డంత గోడౌన్‌లో అరల మీదనుంచి ఎవరో తీసి, ప్యాక్ చేసి, ఎత్తి బండిలో పెట్టాలి. అక్కడి ప్రమాదాలు మంటలొక్కటే కావు. గంటకిన్ని డబ్బాలని లెక్క పెడితే నడుం నొప్పులు, మెడ నొప్పులు, భుజాలు పట్టెయ్యడం. సరుకు మోసే ఫోర్క్‌లిఫ్ట్ బండి కాళ్ల మీదికెక్కడం, అరలు మీద పడడం. ఫ్రాన్సెస్ పనిచేసిన న్యూయార్క్ రాష్ట్రంలోనే 2023లో గోడౌన్ కార్మికుల చట్టం అమలుకొచ్చింది. గంటకెంత పని చెయ్యాలో యజమాని ముందే రాసివ్వాలి. తిండికీ, బాత్రూమ్‌కీ వెళ్లనివ్వని లెక్కలు పెట్టకూడదు. బరువులెత్తి ఒళ్లు దెబ్బతినకుండా పద్ధతులు పెట్టాలని ఇంకో చట్టం 2025లో అమలైంది. బాత్రూమ్‌కి వెళ్లడానికి చట్టం కావాల్సొచ్చిందంటే ఆశ్చర్యంగా లేదూ!

మన సంగతి కూడా చెప్పుకోవాలి. 2022 మార్చి 23 తెల్లవారుజామున సికింద్రాబాద్ బోయిగూడలో తుక్కు గోడౌన్ అంటుకుంది. పైన నిద్రపోతున్న 11 మంది బీహార్ కూలీలు చనిపోయారు. కిందికి దిగే దారి మంటల్లో చిక్కుకుంది. 2023 నవంబరులో హైదరాబాద్ నాంపల్లి బజార్‌ఘాట్‌లో అపార్టుమెంటు కింద నిలవచేసిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని 9 మంది పోయారు. వాళ్లు అక్కడ పనిచేసేవాళ్లు కూడా కాదు, పైన కాపురముంటున్నవాళ్లు. గోడౌన్ భద్రత అంటే అక్కడ పనిచేసేవాళ్ల గొడవే అనుకోవడానికి లేదు.

ఆ మధ్య ఓ బట్టల షాపుకి వెళ్తే, రెండో అంతస్తు నుంచి కిందికొచ్చే మెట్ల మీద సగం దాకా అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. అక్కడ చీరలు మడతపెట్టే ఆడపిల్లలు పాతికమంది దాకా ఉంటారు. రెండో మెట్లదారి ఏదమ్మా అని ఒకమ్మాయినడిగితే, ఉంది గానీ స్టాకు పెట్టి మూసేశారని చెప్పింది. మాటల్లోనే చీర మడత పెట్టడం పూర్తయింది, ఇంకో చీర విప్పింది.

మనమంతా మంత్రులం కాలేం. మొదట్లో ఫ్రాన్సెస్ కూడా మంత్రి కాదు. కొనే ఆడవాళ్ల సంఘంలో చిన్న ఉద్యోగి. ఆవిడ దగ్గరున్నవి రెండు కళ్లు, ఓ నోటు పుస్తకం, అడగడానికి సిగ్గుపడని నోరు. ఈసారి పండక్కి షాపుకి వెళ్లినప్పుడు చీరల రంగులతో పాటు మెట్లు కూడా చూడండి. దిగే దారిలో పెట్టెలుంటే, తలుపుకి తాళం కనిపిస్తే, బిల్లు కట్టేముందు కౌంటర్లో కూర్చున్న ఆయన్ని ఓ మాట అడగండి. పదిమంది ఆడవాళ్లు పదిసార్లు అడిగితే ఆ పెట్టెలు అక్కడుండవు. మీ అపార్టుమెంటు సెల్లార్లో ఎవరైనా సరుకు నిలవచేస్తుంటే, అందులో ఏముందో సంఘం మీటింగులో అడగండి. మీ అబ్బాయో, మరిదిగారబ్బాయో ఏ గోడౌన్‌లోనైనా చేరితే, జీతమెంత అని అడిగిన నోటితోనే, బయటికి దారులెన్ని అని కూడా అడగండి.